కార్లను రానివ్వకపోతే నగర నడిబొడ్డున వ్యాపారం పడిపోతుందా?

సాధారణంగా పడిపోదు, బస్సో మెట్రోనో దగ్గర్లో ఉంటే పెరిగే అవకాశమే ఎక్కువ. ఎందుకంటే షాపులోకి వచ్చేది నడిచే మనిషే. ఒక కారు ఆగేంత జాగాలో పదిమంది నిలబడి బేరమాడొచ్చు. కారులో పోయేవాళ్లకు అద్దంలో పెట్టిన చీర సరిగ్గా కనబడేలోపే షాపు దాటిపోతుంది.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లోని స్ట్రోయెట్ వీధిని 1962లో ప్రయోగంగా కార్లకు మూసినప్పుడు దుకాణదారులు గట్టిగా వ్యతిరేకించారు. తీరా జనం బాగా రావడంతో 1964లో దాన్ని శాశ్వతం చేశారు. కిలోమీటరుకు పైగా సాగే ఆ వీధి ఇవాళ్టికీ షాపింగ్‌కు పేరున్నదే.

చాలామంది పొరబడేది ఒకచోట: కార్లు వద్దంటే ఏ బండీ రాకూడదని కాదు. సరుకు దించే వ్యాన్లను పొద్దున కొన్ని గంటలు వదులుతారు. అంబులెన్సు, ఫైరింజన్ ఎప్పుడైనా వెళ్లొచ్చు. కానీ బస్సుల సంగతి చూడకుండా బారికేడ్లు మాత్రం పెట్టేస్తే దుకాణదారుల భయం నిజమయ్యే ప్రమాదం ఉంది.