నెలలే ఉన్నాయని డాక్టర్లు చెప్పాక ముందు దేన్ని చూసుకోవాలి?

ప్రశ్న: మేం విజయవాడలో ఉంటాం. మా నాన్నగారికి 67 ఏళ్ళు, ఊపిరితిత్తుల క్యాన్సర్ నాలుగో దశ. ఇంకా నెలలే అంటున్నారు. కాశీ తీసుకెళ్ళాలని అమ్మ, హైదరాబాద్‌లో ఇంకో రకం కీమో చేయిద్దామని బాబాయి అంటున్నారు. అన్నయ్య అమెరికాలో ఉన్నాడు, సంక్రాంతికి వస్తానంటున్నాడు. నాన్నకు విషయం పూర్తిగా చెప్పలేదు. ఉన్న కొద్ది సమయంలో దేనికి ప్రాధాన్యం ఇవ్వాలి?

జవాబు:

మీరు రాసినదాంట్లో అమ్మగారి కోరిక ఉంది, బాబాయిగారి కోరిక ఉంది, అన్నయ్య వీలు ఉంది. నాన్నగారు ఏం కోరుకుంటున్నారో మాత్రం లేదు. నేను చెప్పబోయేది చాలావరకు దాని గురించే.

మాది గుంటూరు. మా అక్క బ్రాడీపేటలో జాకెట్లు కుట్టే షాపు నడిపేది. రొమ్ము క్యాన్సర్ ఎముకలకూ కాలేయానికీ పాకిందని 2023లో తేలింది. అప్పటికి కూతురు విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతోంది. ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో ఆలోచన. అమ్మ తిరుపతి మొక్కు గురించి, బావ హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు గురించి, నేను షాపు మూసేసి విశ్రాంతి తీసుకోవడం గురించి మాట్లాడుతున్నాం. అక్క అందరి మాటలూ విని, "ఇంతకీ నన్నెవరూ అడగరేంట్రా?" అంది.

అడిగాం. ఆమె చెప్పింది మా ఎవరి జాబితాలోనూ లేదు. పొద్దున ఎండ ముదరకముందు రెండు గంటలు షాపులో కూర్చోవాలి. తన దగ్గర పనిచేసే అమ్మాయికి కుట్టు వచ్చు కానీ కటింగ్ రాదు, అది పూర్తిగా నేర్పాలి. కూతురు చదువు మానేసి ఇంటికి వచ్చెయ్యకూడదు, శుక్రవారం సాయంత్రం బస్సెక్కి వచ్చి ఆదివారం దాకా ఉంటే చాలు. రాత్రి అన్నాలయ్యాక జబ్బు గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. ఇంతే. బావకు మొదట అస్సలు నచ్చలేదు. ఒంట్లో బాగోని మనిషి మిషన్ దగ్గర కూర్చుంటే జనం ఏమనుకుంటారని ఆయన బాధ. దానికి అక్క అన్న మాట నాకు ఇప్పటికీ పనికొస్తోంది: "గుడ్డ తక్కువొచ్చినప్పుడు ముందు వీపు, ఎదర భాగాలు తీసేస్తాం బావా. చేతులు పొట్టివైనా అది జాకెట్టే. చేతుల కోసం గుడ్డంతా ఖర్చు చేసి వీపు లేకుండా చేస్తామా?" (మేనరికం కాబట్టి ఆమె కూడా బావా అనే పిలిచేది.)

అందుకని మీరు మొట్టమొదట చేయాల్సింది నాన్నగారితో కూర్చుని మాట్లాడటం. ఆయనకు చెబితే కుంగిపోతారని మీ భయం. మన ఇళ్ళల్లో చాలామంది అలాగే దాస్తారు. కానీ బరువు తగ్గుతున్నది ఆయనకే, ఆయాసం వస్తున్నది ఆయనకే. స్కానింగ్ రిపోర్టు తీసుకుని మీరు పక్క గదిలోకి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడుకోవడం ఆయన చూస్తూనే ఉంటారు. దాస్తే ఆయనకు మిగిలేది తెలియకపోవడం కాదు, తెలిసినదాన్ని ఎవరితోనూ మాట్లాడలేకపోవడం. అలాగని ఒక్కసారిగా అంతా చెప్పెయ్యమనడం లేదు. "డాక్టరు చెప్పినవి మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది నాన్నా?" అని అడగండి. కొందరు అన్నీ కావాలంటారు. కొందరు, "నాకొద్దు, నువ్వే చూసుకో" అంటారు. అదీ ఆయన నిర్ణయమే. అప్పుడు కనీసం, "మీ తరఫున ఎవరు మాట్లాడాలి, మీకు ఏది అస్సలు ఇష్టం లేదు?" అన్న రెండూ తెలుసుకోండి. ఆ తర్వాత ఎక్కువ మాట్లాడకండి. అక్క విషయంలో ముఖ్యమైన మాటలన్నీ మేం ఏమీ అడగకుండా ఊరికే కూర్చున్నప్పుడే బయటికి వచ్చాయి.

కాశీ ఆయన కోరికే అయితే, డాక్టరు ప్రయాణానికి సరేనంటే వెంటనే తీసుకెళ్ళండి, వాయిదా వేయకండి. అమ్మగారి కోరికైతే అమ్మగారితో విడిగా మాట్లాడండి. మా అమ్మ మొక్కు సంగతి అక్కే తేల్చింది. ముడుపు కట్టి అమ్మ చేతికే ఇచ్చి, "నువ్వెళ్ళి తీర్చిరా, దేవుడు కాదనడు" అంది. అమ్మ వెళ్ళొచ్చింది.

ఇక నొప్పి, ఆయాసం. దీనిమీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది కుదరకపోతే మిగతా కోరికలన్నీ కాగితం మీదే ఉండిపోతాయి. నొప్పితో మెలికలు తిరిగే మనిషికి మనవడు పక్కన కూర్చున్నా పట్టదు. అక్కకు తుంటి ఎముకలో నొప్పి మొదలయ్యాక షాపు మెట్లు ఎక్కలేకపోయింది. అప్పుడు రేడియేషన్ డాక్టరుగారు ఒక విషయం చెప్పారు: ఎముకకు పాకిన క్యాన్సర్ వల్ల వచ్చే నొప్పికి చాలామందిలో ఒకే సిటింగ్ రేడియేషన్, ఎక్కువ సిటింగులు ఇచ్చినంత ఉపశమనం ఇస్తుంది. రోజూ ఆసుపత్రికి తిరిగే పని తప్పిందంటే అన్ని పొద్దులు మిగిలినట్టే. అక్క మళ్ళీ షాపుకు వెళ్ళింది. మీ నాన్నగారికి ఎముకల నొప్పి ఉంటే ఈ సంగతి తప్పకుండా అడగండి.

మోర్ఫిన్ పేరు వినగానే ఇంట్లోవాళ్ళు భయపడతారు, మత్తుకు అలవాటు పడతారని, ప్రాణం త్వరగా పోతుందని. నొప్పికి తగిన మోతాదులో, డాక్టరు పర్యవేక్షణలో వాడితే ఆ రెండు భయాలూ అక్కర్లేదు. మామూలు మోర్ఫిన్ మాత్ర అయితే నొప్పి వచ్చాక కాకుండా నాలుగు గంటలకోసారి గడియారం చూసి వేయాలి. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే దానితోపాటు రాయించుకోండి. చిన్న మోతాదు మోర్ఫిన్ కొందరిలో ఆయాసం బాధను కూడా తగ్గిస్తుంది, మీ నాన్నగారికి అది ఉపయోగపడుతుందేమో డాక్టరును అడగండి. ముఖానికి దగ్గరగా చిన్న ఫ్యాన్ పెట్టినా చాలామందికి ఊపిరి తేలికైనట్టు ఉంటుంది. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించాక ఆసుపత్రులు మోర్ఫిన్ తెచ్చుకోవడం సులువైంది. అయినా ప్రతి మందుల షాపులో దొరకదు. అందుకే ఎక్కడ దొరుకుతుందో అవసరం పడకముందే కనుక్కోండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది. ప్రస్తుతం చూస్తున్న డాక్టరుగారినీ, అక్కడా కూడా, "పాలియేటివ్ కేర్ ఎవరు చూస్తారు?" అని అడగండి. అంటే నొప్పి, ఆయాసం, దిగులు లాంటి బాధలను తగ్గించే వైద్యం.

పాలియేటివ్ కేర్ అంటే చేతులెత్తేయడం అనుకుంటారేమో, కాదు. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికాలోని బోస్టన్‌లో మీ నాన్నగారి లాంటి జబ్బే ముదిరిన 151 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు క్యాన్సర్ వైద్యం, రెండో గుంపుకు దానితోపాటు మొదటి నుంచీ పాలియేటివ్ కేర్ ఇచ్చారు. రెండో గుంపులో దిగులు తక్కువగా ఉంది, చివరి రోజుల్లో కఠినమైన చికిత్సలు తక్కువ మంది తీసుకున్నారు. అయినా మధ్యస్థంగా 11.6 నెలలు బతికారు. మొదటి గుంపులో అది 8.9 నెలలు. బాబాయిగారికి ఈ లెక్క చెప్పండి. ఆయన ఆరాటం కూడా ప్రేమే, దాన్ని తోసిపుచ్చకండి.

హైదరాబాద్ ప్రయాణం వద్దని నేననను. ముందు ఒక్క విషయం తేల్చుకోండి: బయాప్సీ ముక్క మీద ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే లాంటి జన్యు పరీక్షలు చేశారా? కొందరిలో ఆ మార్పులు ఉంటాయి, వాళ్ళకు కీమో బదులు మాత్రలు బాగా పనిచేస్తాయి, జబ్బు చాలాకాలం అదుపులో ఉండే అవకాశం ఉంది. అది తెలియకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఆ దారి లేదని తేలితే, కొత్త కీమో గురించి డాక్టరును సూటిగా అడగండి: దీనివల్ల ఎంత కాలం పెరగొచ్చు? అందులో ఎంత భాగం ఆసుపత్రిలో, మంచం మీద పోతుంది? చేయించుకోకపోతే ఆ రోజులు ఎలా ఉంటాయి? మేం ఇలా అడిగితే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో విసుక్కున్నారు. ఇంకో డాక్టరుగారు కుర్చీ దగ్గరకు లాక్కుని, కాగితం మీద గీసి మరీ చెప్పారు. అక్క ఆయన్నే నమ్ముకుంది. రెండో రకం కీమో దాకా తీసుకుంది, మూడోది వద్దంది.

పలకరింపులకు వచ్చేవాళ్ళ గురించి కూడా రాయాలి, ఎందుకంటే సమయం అందరికంటే ఎక్కువ తినేసేది వాళ్ళే. మంచి మనసుతోనే వస్తారు. పళ్ళు తెస్తారు, పసరు వైద్యం చెబుతారు, ఫలానావాళ్ళకు ఇలాగే అయి పోయారని కూడా చెబుతారు. రోగి లేచి కూర్చుని వాళ్ళకే ధైర్యం చెప్పాల్సి వస్తుంది. మా బావ సాయంత్రం ఒక గంట మాత్రమే అని చెప్పేసి, మిగతా వేళల్లో వచ్చినవాళ్ళను వరండాలోనే కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, తనే మాట్లాడి పంపేవాడు. ఒకరిద్దరు నొచ్చుకున్నారు. నొచ్చుకోనివ్వండి. నాన్నగారు ఎవరిని చూడాలనుకుంటున్నారో పేర్లు చెప్పమనండి. పెద్దవయసులో, కాలం తక్కువుందని తెలిసినప్పుడు మనుషులు కొత్త పరిచయాలు వదిలేసి దగ్గరివాళ్ళ వైపే తిరుగుతారని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన లారా కార్‌స్టెన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి పరిశోధించి చెప్పారు. అక్క చెప్పిన పేర్లు ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకరు చుట్టం కూడా కాదు, ఎదురు వీధిలో హుక్కులు, దారాలు అమ్మే పెద్దాయన.

కాగితాల పని ఆయన ఓపికగా ఉన్నప్పుడే ముగించండి. వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు ఉంటే చాలు, ఆస్తి వచ్చేవాళ్ళను సాక్షులుగా పెట్టకండి. నామినీగా పేరు ఉన్నంత మాత్రాన ఆ డబ్బు వాళ్ళ సొంతం అయిపోదు, కాబట్టి నామినీ ఉన్నాడు కదా అని వీలునామా మానుకోవద్దు. అమ్మగారి పేరు బ్యాంకు ఖాతాలో కలపండి. వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్నది కూడా ఆయన ముందే రాసి ఉంచొచ్చు. సుప్రీంకోర్టు 2018 మార్చిలో ఈ హక్కును గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షులతో సంతకం చేసి నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరించుకుంటే చాలు. అక్క అలాగే రాసింది. ఆ రాత్రి వచ్చినప్పుడు ఐసీయూకి తీసుకెళ్దామా అని బావ నా ముఖం చూశాడు. బీరువాలోంచి ఆ కాగితం తీసి ఇచ్చాను. ఇంట్లోనే ఉంచాం. ఆ నిర్ణయం మా నెత్తిన పడకుండా అక్క ముందే తన మీద వేసుకుంది, దానికి ఆమెకు ఎంత రుణపడి ఉన్నామో చెప్పలేను.

షాపు ఇప్పుడు ఆ అమ్మాయి నడుపుతోంది. శ్రావణంలో ఖాళీ ఉండదు.

చివరిగా మీ అన్నయ్య సంగతి. 2000లో చికాగోలో ఒక అధ్యయనం వచ్చింది. చివరి దశలో ఉన్న 468 మంది గురించి వాళ్ళ డాక్టర్లు ఇంకెంత కాలం బతుకుతారో అంచనా వేశారు. ఐదో వంతు అంచనాలే సరిగ్గా ఉన్నాయి, ఎక్కువ శాతం అంచనాలు జరిగినదానికంటే ఎక్కువ కాలం చెప్పినవే. సంక్రాంతి దాకా నాన్నగారు ఉండొచ్చు, ఉండాలనే కోరుకుంటున్నాను. కానీ కూర్చుని మాట్లాడే ఓపిక, ఇద్దరూ కలిసి కాఫీ తాగే ఓపిక అప్పటికి ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అన్నయ్యకు ఉన్నవి రెండు వారాల సెలవులే అయితే వాటిని ఇప్పుడే వాడుకోమనండి. పండక్కి మళ్ళీ రాగలిగితే మరీ మంచిది. ఈ వారమే టికెట్ చూడమనండి.