బుజ్జీ, మడాంగ్ వెళ్ళేముందు ఇది చదువు

బుజ్జీ,

నువ్వూ అల్లుడూ పాపని తీసుకుని పాపువా న్యూగినీ సేవకి వెళ్తున్నారని, అదీ మేమున్న మడాంగ్‌కే అని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అది ఏడుస్తా చెప్పింది, నేను ముందు స్తోత్రం అన్నాను గానీ ఫోన్ పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు. పాపకి పది నెలలేగా అమ్మా.

టీకాలు వేయించుకోండి. దోమతెర రోజూ పరుపు కిందకి దోపండి. రక్తంలో జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువుందేమో చూసే టెస్ట్ మాత్రం ముగ్గురూ ఇక్కడే చేయించుకుని కాగితం దగ్గర పెట్టుకోండి, ఎందుకంటే వైవాక్స్ మలేరియా లివర్‌లో దాక్కుని తగ్గింది అనుకున్నాక నెలలకి మళ్ళీ లేస్తుంది, దానికిచ్చే ప్రైమాక్విన్ ఆ లోపం ఉన్నోళ్ళకి పడదు, రక్తం విరిగిపోద్ది. తిండికి బెంగ లేదు, చిలగడదుంపని కౌకౌ అంటారు, చేమదుంపలు బోలెడు, ఐబికా అని ఒక ఆకుకూర ఉంటది, మన బెండకాయలా జిగురు, పప్పులో వేస్తే మీ పెదనాన్న రెండోసారి అడిగేవారు.

ఇంక భాష. ఆప్‌లో నేర్చుకుంటాలే పెద్దమ్మా అన్నావంట. నాకు ఒళ్ళు మండింది.

ఆ దేశంలో 800కి పైగా భాషలు, అందర్నీ కలిపేది టోక్ పిసిన్. వింటే ఇంగ్లీషు ముక్కల్లా ఉంటది, నేను మోసపోయింది అక్కడే. 1992లో మేం వెళ్ళినప్పుడు మీ పెదనాన్న బైబిల్ స్కూల్ కుర్రాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకునేవారు, నేనేమో ఇంగ్లీషు టీచర్ని, ఇదేం పెద్ద విద్య అని ఆర్నెల్లు పుస్తకమే తెరవలేదు. మీ అన్నయ్యకి అప్పుడు పద్నాలుగు నెలలు, నేను క్లాసుకెళ్తే పక్కింటావిడ చూసేది. ఒకరోజు మధ్యాహ్నం నేను చెప్పులేసుకుంటుంటే ఆవిడ గబగబా వచ్చి "స్కిన్ బిలోంగ్ ఎమ్ ఇ హాట్" అంది. స్కిన్ అంటే చర్మం అనుకున్నాను, వాడి మెడ మీద పొద్దున చెమటకాయలు చూశానుగా, దానికే అనుకుని పౌడర్ డబ్బా ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళిపోయాను. వాడి ఒంటి మీద చెయ్యి కూడా వెయ్యలేదు బుజ్జీ. వాళ్ళ భాషలో స్కిన్ అంటే ఒళ్ళు. బాబు ఒళ్ళు కాలిపోతోంది అని చెప్పింది ఆ తల్లి.

సాయంత్రం వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. గడప దగ్గర ఆ పౌడర్ డబ్బా, మూత కూడా తియ్యలేదు. పిల్లాడికి ఫిట్స్ వస్తే ఆవిడే బిలుమ్‌లో, అంటే వాళ్ళు తాళ్ళతో అల్లుకునే సంచిలో, వేసుకుని హౌస్ సిక్‌కి, అంటే ఆసుపత్రికి, నడిచి తీసుకెళ్ళింది. ఫాల్సిపరమ్ అన్నారు, ప్రాణం తీసే రకం మలేరియా. మూడు రాత్రులు క్వినైన్ సెలైన్. మూడు రాత్రులూ ఆవిడ నా పక్కన సిమెంటు నేల మీదే కూర్చుంది, ఒక్క మాట అనలేదు, ఒకసారి మాత్రం నా పొట్ట మీద చెయ్యి పెట్టి "బెల్ హెవి" అంది. కడుపు తరుక్కుపోతుంది అంటామే, అదే. దానికి నాకు పుస్తకం అక్కర్లేకపోయింది.

అందుకే చెప్తున్నా, అల్లుడు నేర్చుకుంటాడులే, నాకు వంటింటికి చాలు అనుకోవద్దు. పిల్లకి జ్వరమొస్తే ఇంట్లో ఉండేది నువ్వు. పొద్దున్నే సంతలో ఆడాళ్ళ పక్కన కూర్చో, ముందు ఒంటి పేర్లూ నొప్పుల పేర్లూ అడుగు. స్కిన్ ఇ గురియా అంటే ఒళ్ళు వణుకుతోందని, అది విన్నావంటే ఉన్నపళంగా రక్తపరీక్షకి పరిగెత్తు, తెల్లారనీ అనొద్దు.

భయపెట్టానా? నీకు తొందరగానే వచ్చేస్తుందిలే. యుమి అంటే మనం, మిపెలా అంటే మేము, ఇంగ్లీషోళ్ళు ఈ రెండిటి దగ్గరే తడబడతారు, నీకది పుట్టుకతో వచ్చింది. ప్రార్థనలో మా పాపాలు అన్నప్పుడు మిపెలా అనాలి, యుమి అంటే దేవుణ్ణి కూడా పాపుల్లో కలిపేసినట్టు. అది నీకెవరూ నేర్పక్కర్లేదు.

మేం వచ్చేసేటప్పుడు ఆవిడ ఒక బిలుమ్ అల్లి ఇచ్చింది, ఇన్నేళ్ళు బీరువాలోనే ఉంది. ఆదివారం మీ అమ్మ చేతికి ఇస్తాను. పాపని అందులో వేసే ముందు లోపల మెత్తటి పాత చీర పరువు, తాళ్ళు ఒత్తుకుంటాయి.

మీ పెద్దమ్మ