తెచ్చి వదిలిన కౌజును లెక్కలో రాసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి దగ్గరికి న్యూజిలాండ్ వచ్చాను. ఆక్లాండ్ శివార్లలో పొద్దున్నే నడుస్తుంటే పొదల్లోంచి ఒక పిట్టల గుంపు బయటికొచ్చి, ఎగరకుండా పరుగున దారి దాటింది. మగవాటి నెత్తి మీద ముందుకు వంగిన నల్లటి కుచ్చు. కాలిఫోర్నియా కౌజు అని పుస్తకం చూసి గుర్తుపట్టాను. నాతో నడిచే ఆవిడేమో, "అది ఎవరో తెచ్చి వదిలిన పిట్ట, రాసుకోవడం దండగ" అంటున్నారు. నేను చూసిన పక్షుల జాబితాలో రాసుకోనా, వద్దా?
- ఒక పాఠకురాలు

జవాబు: నిక్షేపంగా రాసుకోండమ్మా. తెచ్చి వదిలారన్నది నిజమే. అక్కడ స్థిరపడిన వలసవాళ్లు వేట సరదా కోసం 1860ల్లో దీన్ని దించుకున్నారు. అప్పట్నుంచీ ఎవరూ గింజ వెయ్యకుండానే అది పిల్లల్ని పెంచుకుంటూ ఉత్తర, దక్షిణ దీవులు రెంటిలోనూ పాకిపోయింది. ఆ దేశపు సొంత కౌజు 'కొరెకె' 1875 ప్రాంతానికే అంతరించింది. ఇంకోటి, ఒంటినిండా గోధుమరంగు చారలతో కుచ్చు లేకుండా కనిపించేది, ఆస్ట్రేలియా నుంచి తెచ్చిందే. ఆవిడ మాటే పట్టుకుంటే న్యూజిలాండ్‌లో రాసుకోవడానికి కౌజన్నదే మిగలదు!

నేను చూసేది ఒక్కటే: ఆ పిట్ట మనిషి చెయ్యి లేకుండా బతుకుతోందా, లేదా? నా పుస్తకంలో ఇలాంటివాటికి వేరే పేజీ లేదు, పేరు పక్కన 'తె' అని ఒక అక్షరం, అంతే. పక్షుల్ని చూసేవాళ్లు తమ జాబితాలు నమోదు చేసుకునే ఈబర్డ్ వెబ్‌సైట్‌లోనూ 2022 నుంచి ఇలాంటి పక్షుల్ని మూడు రకాలుగా విడదీస్తున్నారు: స్థిరపడినవి, ఇంకా తేలనివి, పంజరం నుంచి తప్పించుకున్నవి. మొదటి రెండూ మీ జాబితా మొత్తంలో కలుస్తాయి. మూడోది నమోదవుతుంది గానీ మొత్తంలో కలవదు. మీరు చూసింది నిస్సందేహంగా మొదటి రకం.

పేరొక్కటే రాసి ఊరుకోకండి. గుంపులో ఎన్ని, పిల్లలున్నాయా, కాలికి రింగు ఉందా, మనిషిని చూసి బెదిరాయా, ఇవే రేపు పనికొచ్చే వివరాలు. కూత వింటే అదీ రాయండి. దీనిది మూడు ముక్కల పిలుపు, ఒత్తు నడిమి ముక్క మీద పడుతుంది. ఎప్పుడైనా హవాయి వెళ్తే మాత్రం జాగ్రత్త, అక్కడ దీని దాయాది గ్యాంబెల్ కౌజును కూడా వదిలారు. దానికీ అదే కుచ్చు. కాలిఫోర్నియా కౌజు పొట్ట మీద చేప పొలుసుల్లాంటి గీతలుంటాయి. గ్యాంబెల్‌కు ఆ పొలుసులుండవు, మగదాని పొట్ట మీద నల్లటి మచ్చ ఉంటుంది.

అన్నట్టు, ఈ ప్రయాణాలు ఒకవైపే సాగలేదు. భారత ఉపఖండపు పొద కౌజు హిందూ మహాసముద్రం దాటి రియూనియన్ దీవిలో కాపురం పెట్టింది.

ప్రశ్న: కౌజుల ఫారం పక్క పొలంలో ఒంటరి కౌజు కనిపించింది. దగ్గరికి వెళ్లినా పారిపోలేదు. అడవిదే అనుకోవచ్చా?
- మరో పాఠకుడు

జవాబు: అనుకోవద్దు. ఫారాల్లో పెంచేది ఎక్కువగా జపాన్ కౌజు. ఒంటరిగా ఉండటం, బెదురు లేకపోవడం, పక్కనే ఫారం, ఈ మూడూ కలిశాయంటే తప్పించుకున్నదనే రాయాలి. ఇవి బయటపడినంత మాత్రాన బతికి బట్టకడతాయని లేదు. అమెరికాలో 1950ల్లో వేట కోసం లక్షల్లో వదిలినా నిలదొక్కుకోలేదు. 1921లో వదిలిన హవాయిలో మాత్రం నిలిచాయి. పైగా ఐరోపా కౌజుకూ దీనికీ రూపంలో తేడా పట్టడం మహా కష్టం, రెండూ జతకడతాయి కూడా. అందుకే ఫొటోతో సరిపెట్టుకోకుండా ఫోన్లో కూత రికార్డు చెయ్యండి. వచ్చే ఏడు అక్కడే పిల్లలతో కనిపిస్తే మళ్లీ ఉత్తరం రాయండి, అప్పుడు సంగతి వేరు.