వర్చువల్ మెషిన్‌ను పాజ్ చేస్తే చాలా, రోజూ షట్‌డౌన్ చేయాలా?

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషిన్‌ను, నడిపే సాఫ్ట్‌వేర్) మీద ఉబుంటు లినక్స్, అందులో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ నడుపుతున్నారు, రాత్రి పాజ్ చేసి మూత వేస్తే చాలా, లేక రోజూ షట్‌డౌన్ చేయాలా అన్నది మొదటిది. ఒకసారి మెషిన్ దానంతట అదే పాజ్ అయిందని, భయపడి పవర్ ఆఫ్ కొట్టారని చివర్లో చిన్న ముక్కగా రాశారు. నా దృష్టిలో అసలు సంగతి ఆ చిన్న ముక్కే.

ముందు మొదటిది చెప్పేస్తాను. పాజ్ చేస్తే ప్రాసెసర్‌కు కాస్త ఊపిరి ఆడుతుంది, అంతే. ఉబుంటుకు ఇచ్చిన ర్యామ్ అలాగే పట్టుబడి ఉంటుంది. ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయితే ఆ ర్యామ్‌లో ఉన్నదంతా గల్లంతే. కాబట్టి పాజ్ అన్నది టీ తాగి వచ్చేంతసేపటికి పనికొస్తుంది. రాత్రికి సేవ్ స్టేట్ వాడండి. ర్యామ్‌లో ఉన్నదాన్ని ఫైలుగా డిస్కు మీద రాసి మెషిన్ ఆగిపోతుంది. పొద్దున తెరిస్తే టెర్మినల్లో సగం టైప్ చేసి వదిలేసిన కమాండ్ కూడా అక్కడే ఉంటుంది. వర్చువల్‌బాక్స్ కొత్త వెర్షన్ వేసే ముందు, మెషిన్‌ను వేరే కంప్యూటర్‌కు తరలించే ముందు మాత్రం ఉబుంటు లోపలి నుంచే షట్‌డౌన్ చేయాలి. ప్రాసెసర్ మారితే సేవ్ చేసిన స్టేట్ తెరుచుకోకపోవచ్చు. 'డిస్కార్డ్ సేవ్డ్ స్టేట్' అన్నది మామూలు బటన్‌లా కనిపిస్తుంది గానీ, నడుస్తున్న కంప్యూటర్ ప్లగ్గు పీకేయడం ఎంతో అది నొక్కడం కూడా అంతే.

ఇక్కడో మాట అనకుండా ఉండలేను. ఈ సాఫ్ట్‌వేర్లు తయారుచేసేవాళ్లు తలా ఒక పేరు పెట్టి జనాన్ని ఇబ్బంది పెడుతున్నారు. వర్చువల్‌బాక్స్ లాంటిదే అయిన వీఎంవేర్‌లో సస్పెండ్ అంటే మెమరీని డిస్కు మీద రాసి ఆపడం. లినక్స్‌లో ఇదే పని చేసే కేవీఎంలో, దాని మెషిన్లను నడిపే వర్ష్ కమాండ్‌తో సస్పెండ్ అంటే ఉత్త పాజ్, డిస్కు మీద ఏమీ రాయదు. అక్కడ డిస్కు మీద దాచేది మేనేజ్డ్‌సేవ్ కమాండ్. వీఎంవేర్ అలవాటైనవాళ్లు కేవీఎం సర్వర్‌లో అన్నిటికీ సస్పెండ్ కొట్టి, నిశ్చింతగా సర్వర్ రీబూట్ చేయబోవడం నేను చూశాను. కోచింగ్ సెంటర్లలో ఇన్‌స్టలేషన్ మీద రోజులు గడుపుతారు, ఈ తేడా మీద పది నిమిషాలు కేటాయించరు.

ఇక దానంతట అదే పాజ్ అవడం గురించి. నేను పనిచేసిన ఒకచోట హోల్‌సేల్ సరుకు బిల్లింగ్ అంతా కేవీఎం మీద ఒక వర్చువల్ మెషిన్‌లో నడిచేది. నెలాఖరు సాయంత్రం. గోడౌన్ బయట లోడ్ ఎక్కిన లారీలు బిల్లుల కోసం నిలబడి ఉన్నాయి. ఉన్నట్టుండి బిల్లింగ్ స్క్రీన్లన్నీ బిగుసుకుపోయాయి. పింగ్ కొడితే జవాబు లేదు. వర్ష్ లిస్ట్‌లో చూస్తే ఆ మెషిన్ ఎదురుగా 'పాజ్డ్' అని ఉంది. ఎవరూ పాజ్ చేయలేదు. మాతో ఉన్న కుర్రాడు రెజ్యూమ్ కొట్టాడు. ఒక్క క్షణం నడిచి మళ్లీ పాజ్. "అన్నా, ఇది నిలబడట్లేదు" అంటూ మళ్లీ మళ్లీ కొడుతున్నాడు. ఫ్యూజు ఎందుకు ఎగిరిందో చూడకుండా కొత్త తీగ కడుతూ పోయినట్టుంది ఆ పని. వెనక నుంచి మేనేజర్ గారు, "ఆపేసి మళ్లీ ఆన్ చేయండయ్యా, లారీలవాళ్లు అరుస్తున్నారు" అని ఒకటే ఒత్తిడి. కుర్రాడు డిస్ట్రాయ్ కమాండ్ (ప్లగ్గు పీకినట్టు మెషిన్‌ను ఆపేసేది) టైప్ చేసి ఎంటర్ మీద వేలు పెట్టాడు. చేయి పట్టుకుని ఆపాను.

వర్ష్ డామ్‌స్టేట్ కమాండ్‌కు రీజన్ ఆప్షన్ ఇచ్చి చూస్తే తెర మీద ఒక్క లైను వచ్చింది: పాజ్డ్, ఐఓ ఎర్రర్, అంటే డిస్కు మీద చదవడంలోనో రాయడంలోనో లోపం. వెంటనే హోస్ట్‌లో, అంటే ఈ మెషిన్లను మోస్తున్న అసలు సర్వర్‌లో, ఖాళీ చోటు చూపే డీఎఫ్ కమాండ్ కొట్టాం. మెషిన్ల డిస్కు ఫైలు ఉన్న పార్టిషన్ 100 శాతం నిండి ఉంది. ఎవరో పాత మెషిన్ బ్యాకప్‌ను అదే పార్టిషన్‌లో పెట్టి పోయారు. అక్కడివన్నీ క్యూకౌ2 డిస్కులు, అంటే రాసేకొద్దీ పెరిగేవి. లోపల చూస్తే ఇంకా బోలెడు ఖాళీ కనిపిస్తుంది, బయట అసలు డిస్కులో చోటే ఉండదు. అలాంటప్పుడు కేవీఎం వెనక మెషిన్‌ను నడిపించే క్యూఈఎంయూ మామూలుగా చేసేది ఇదే. రాత విఫలమైందని లోపలి డేటాబేస్‌కు చెప్పి దాన్ని కూలదోయకుండా, మొత్తం మెషిన్‌నే నిలబెట్టేస్తుంది. చోటు దొరికాక రెజ్యూమ్ చేస్తే ఆగిపోయిన ఆ రాతనే మళ్లీ ప్రయత్నిస్తుంది. పాత బ్యాకప్‌ను వేరే డిస్కుకు మార్చి రెజ్యూమ్ కొట్టాం. బిల్లింగ్ లేచింది. సగంలో ఆగిన బిల్లు కూడా పోలేదు. అదే డిస్ట్రాయ్ కొట్టి ఉంటే, డిస్కు నిండిన స్థితిలోనే డేటాబేస్ రికవరీకి దిగేది. నిండిన డిస్కు మీద రికవరీ అంటే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే అంటాను, దానంతట అది పాజ్ అయిన మెషిన్ మన డేటాను కాపాడుతున్నట్టే లెక్క. దాన్ని శిక్షించకూడదు.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. మొదటి లారీ బిల్లు ప్రింటై వచ్చింది, చూస్తే దాని మీద టైము గంటకు పైగా వెనక్కి ఉంది. పాజ్‌లో ఉన్నంతసేపూ లోపలి గడియారం కూడా ఆగిపోతుంది మరి. గడియారాన్ని సరిచూసే క్రోనీ ప్రోగ్రామ్ ఉంది కదా, అదే సరిచేస్తుందిలే అనుకుంటారు చాలామంది. చాలా లినక్స్‌లలో క్రోనీ మామూలు సెట్టింగ్ ప్రకారం, అది స్టార్టయ్యాక మొదటి 3 అప్‌డేట్లలోనే గడియారాన్ని ఒక్కసారిగా జరుపుతుంది. ఆ తర్వాత మెల్లగా లాక్కొస్తుంది, సెకనుకు అత్యధికంగా సెకనులో పన్నెండో వంతు చొప్పున. అంటే గంట తేడా పూడటానికి దాదాపు 12 గంటలు. మేము బిల్లింగ్ ఆపించి, గడియారాన్ని ఒక్కసారిగా జరిపే క్రోనీసీ మేక్‌స్టెప్ కమాండ్ కొట్టి, టైము చూసుకుని మళ్లీ మొదలుపెట్టాం. ఇదే అర్ధరాత్రి దాటాక జరిగి ఉంటే కొత్త నెల బిల్లులు పాత నెల తేదీతో పడేవి. జీఎస్టీ రిటర్నుల దగ్గర ఆ టెన్షన్ ఎవరు పడతారు? ఆఫీసు నెట్‌వర్క్‌లో గుర్తింపు చూసే కెర్‌బెరోస్ లాగిన్ ఉన్నచోటయితే, మామూలు సెట్టింగ్‌లో 5 నిమిషాల తేడా దాటితేనే లోపలికి రానివ్వదు.

మీ వర్చువల్‌బాక్స్ కూడా ఇలాగే చేస్తుంది. ల్యాప్‌టాప్ డ్రైవ్ నిండిపోతే మెషిన్‌ను ఆపి, చోటు ఖాళీ చేసి రెజ్యూమ్ చేయమని మెసేజ్ చూపిస్తుంది. ఆ మెసేజ్ చదవకుండా క్లోజ్ చేసి ఉంటారని నా అనుమానం. మళ్లీ జరిగితే ముందు డ్రైవ్‌లో ఖాళీ ఎంతుందో చూసి, కొంత ఖాళీ చేసి, అప్పుడు రెజ్యూమ్ చేయండి. టైము సంగతికొస్తే, ఉబుంటులో గెస్ట్ అడిషన్స్ (వర్చువల్‌బాక్స్‌తో వచ్చే తోడు సాఫ్ట్‌వేర్) వేసుకోండి. తేడా 20 నిమిషాలు దాటితే అదే ఒక్కసారిగా సరిచేస్తుంది.

సేవ్ స్టేట్ ఫైలుకు కూడా జీబీల్లో చోటు కావాలి, అది స్నాప్‌షాట్స్ ఫోల్డర్‌లో పడుతుంది. మీ సీ డ్రైవ్ ఇరుకుగా ఉంటే మెషిన్ సెట్టింగ్స్‌లో జనరల్ కిందకు వెళ్లి ఆ ఫోల్డర్‌ను డీ డ్రైవ్‌కు మార్చుకోవచ్చు. మెషిన్ పూర్తిగా షట్‌డౌన్ అయి ఉండాలి, పాత స్నాప్‌షాట్లు (మెషిన్ ఒకప్పటి స్థితిని దాచినవి) ఉంటే మార్చనివ్వదు.