టెక్ సందేహాలు: ఫ్లాట్ల ఫోటోలు తీసేవారు వీడియోకి మారాలంటే

ప్రశ్న: బిల్డర్లకు, ఏజెంట్లకు కొన్నేళ్లుగా ఫ్లాట్లు, విల్లాల ఫోటోలు తీస్తున్నాను. సోనీ ఏ7 మార్క్ 3, 16-35 లెన్స్ ఉన్నాయి. ఈమధ్య అందరూ 'ఫోటోలు సరే, వీడియో కూడా ఇస్తావా?' అంటున్నారు. రెండు ఇళ్లు తీసి చూశాను. కిటికీలన్నీ తెల్లగా అయిపోయాయి. ఎల్ఈడీ లైట్లున్న గదుల్లో తెర మీద గీతలు పాకుతున్నాయి. నడుస్తుంటే గోడలు ఊగుతున్నాయి. కెమెరా మార్చాల్సిందేనా?
— ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: కెమెరా జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీరు చెప్పిన మూడు తంటాలూ కొత్త బాడీ కొన్నా వెంటే వస్తాయి.

ముందు గీతల సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద నడిచే చాలా ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు గానీ కెమెరా పట్టేస్తుంది. మీ కెమెరా బహుశా ఎన్‌టీఎస్‌సీ అనే అమెరికా వీడియో పద్ధతిలో ఉండి, 30 ఫ్రేములు, 1/60 షటర్‌తో తీసి ఉంటారు. అది 60 హెర్ట్జ్ కరెంటున్న అమెరికాకు సరిపోయే లెక్క. మెనూలో మన దగ్గర వాడే పాల్ పద్ధతికి మార్చి 25 ఫ్రేములు, 1/50 షటర్ పెట్టండి. చాలావరకు గీతలు మాయమవుతాయి. మీ మోడల్‌కు ఇంకో లాభం కూడా ఉంది. 4కెలో 30 ఫ్రేములు పెడితే అది ఫ్రేమును అంచుల్లో కోసేస్తుంది. 25లో ఆ కోత ఉండదు, మీ 16 ఎం.ఎం. పూర్తిగా 16గానే పనిచేస్తుంది. ఇరుకు బాత్రూముల్లో ఆ తేడా ఎంతో మీకు చెప్పక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: పాల్‌కి మార్చాక కార్డును మళ్లీ ఫార్మాట్ చేయమంటుంది. పొద్దున తీసిన ఫోటోలు అందులోనే ఉంటే ముందు కాపీ చేసుకోండి.

ఇక కిటికీలు. ఫోటోల్లో మీరు మూడో అయిదో ఎక్స్‌పోజర్లు తీసి కలిపేస్తారు, బయటి చెట్టూ లోపలి సోఫా రెండూ కనిపిస్తాయి. వీడియోలో ఆ వెసులుబాటు లేదు, ఉన్నది ఒక్క ఎక్స్‌పోజరే. కాబట్టి సాఫ్ట్‌వేర్‌తో చేసే పనిని గడియారంతో చేయాలి. మిట్టమధ్యాహ్నం షూటింగ్ ఒప్పుకోవద్దు. ఎండ ఎక్కకముందు గానీ, పొద్దు వాలేటప్పుడు గానీ బయటి వెలుగు దిగి గదిలో వెలుగుకు దగ్గరవుతుంది. తూర్పు గదులు సాయంత్రం, పడమటి గదులు పొద్దున పెట్టుకోండి. పల్చటి తెల్ల కర్టెన్లుంటే వేసేయండి. బయటి దృశ్యం చూపాల్సిన గదికి మాత్రం కిటికీ వైపు ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి విడిగా ఒక షాట్ తీసుకుంటే చాలు.

ఎస్-లాగ్3లో (తర్వాత రంగులు సరిదిద్దుకునేలా చప్పగా రికార్డు చేసే పద్ధతి) తీయమని యూట్యూబులో చాలామంది చెబుతారు. మీ కెమెరా 8 బిట్‌లోనే, అంటే తక్కువ రంగు మెట్లతోనే, రికార్డు చేస్తుంది. ఎస్-లాగ్3లో తీసి రంగులు లాగితే తెల్లగోడల మీద చారలు తేలతాయి. మన అపార్టుమెంట్లలో గోడలన్నీ దాదాపు తెలుపే కదా! వెలుగూ నీడా రెండూ కొంత నిలిపే హెచ్ఎల్‌జీ ప్రొఫైల్ చాలు. అది కూడా తలనొప్పి అనిపిస్తే మామూలు ప్రొఫైల్‌లో కాంట్రాస్ట్ తగ్గించి తీయండి.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలొద్దు. హాల్లో పసుపు లైట్లు, వంటింట్లో తెల్ల ట్యూబు ఉన్న ఇల్లు మనకు మామూలే. ఒకే షాట్‌లో హాల్లోంచి వంటింట్లోకి నడిస్తే రంగు మధ్యలో జారిపోతుంది. లాక్ చేసి, ఎడిట్ చేసే వీడియోలో గది మారేచోట కట్ చేయండి.

గోడలు ఊగకుండా ఉండాలంటే కెమెరాను కుదుపుల్లేకుండా పట్టే గింబల్ తప్పదు. మీ బాడీ 650 గ్రాములు, లెన్స్ ఇంకో అర కేజీ పైన. రెండు కేజీలు మోసే చిన్న గింబల్ సరిపోతుంది. అయితే గింబల్ కొన్నవాళ్లలో చాలామంది చేసే పని గది నడిమధ్య నిలబడి చుట్టూ తిప్పడం. చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి, గది మాత్రం అర్థం కాదు. గుమ్మం దగ్గర మొదలుపెట్టి, మోకాళ్లు కాస్త వంచి, రెండు మూడు అడుగులు నెమ్మదిగా ముందుకు వేయండి. లేదా స్తంభం చాటు నుంచి పక్కకు జరగండి. ఎడిటింగ్‌లో నాలుగైదు సెకన్లు వాడతారు, కాబట్టి ముందూ వెనకా కాస్త ఎక్కువ రికార్డు చేయండి. కెమెరా ఛాతీ ఎత్తులో, పైకీ కిందికీ వంగకుండా ఉండాలి. వంటింట్లో మాత్రం గట్టు పైభాగం కనిపించేంత ఎత్తాలి. నిలువు గీతలు నిలువుగా ఉంచే అలవాటు మీకు ఫోటోల నుంచే ఉంది. ఫోటోలో ఒక్క మీట నొక్కి సరిచేసేది, కదిలే షాట్‌లో సరిచేయడం నరకం.

అసలు విషయం వేరే ఉంది, అది గింబల్ కన్నా పెద్దది. ఫోటో ఒక గది ఎలా ఉందో చెబుతుంది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఎలా వెళ్తామో వీడియో చెప్పాలి. డల్లాస్‌లో కూర్చుని గన్నవరం దగ్గర ఫ్లాట్ చూసే కొనుగోలుదారుకు హాలు ఎంత మెరుస్తోందన్నది తర్వాతి సంగతి. లిఫ్ట్ తలుపు ఎదురుగా ఎవరి గుమ్మం ఉంది, పూజగది పక్కన ఏముంది, వంటింటి వెనక గిన్నెలు తోమే చోటు ఉందా, బాల్కనీలోంచి పక్క బిల్డింగు ఎంత దూరంలో కనిపిస్తుంది, ఆయనకు ఇవి కావాలి. అందుకే క్లయింటుకు రెండు వీడియోలు ఇవ్వండి. ఒకటి నిమిషం, నిమిషంన్నర ఎడిట్ చేసినది. రెండోది గేటు నుంచి బాల్కనీ దాకా కట్ లేకుండా నడిచినది, 20-24 ఎం.ఎం. దగ్గర తీసినది. నా అనుభవంలో విదేశాల్లో ఉన్నవాళ్లు నమ్మేది రెండోదాన్నే. 16 ఎం.ఎం.లో పది బై పది బెడ్రూమ్ ఫంక్షన్ హాల్లా కనిపిస్తుంది. ఇల్లు చేతికొచ్చాక గొడవ బిల్డర్ మెడకు చుట్టుకుంటుంది. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటనలో తప్పు చూపించడం వల్ల నష్టపోయిన కొనుగోలుదారు పరిహారం అడగొచ్చు. 11వ సెక్షన్ ప్రకారం ప్రాజెక్టు ప్రకటనలో రెరా రిజిస్ట్రేషన్ నంబరు, అథారిటీ వెబ్‌సైట్ చిరునామా ఉండాలి. వీడియో కూడా ప్రకటనే, నంబరు అడిగి తీసుకుని చివరి కార్డు మీద వేయండి.

డబ్బు పెట్టాల్సిన వరుస: మొదట గింబల్, తర్వాత లెన్స్‌లోకి వచ్చే వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్, ఏజెంట్ మాట్లాడతానంటే కాలరు మైకు. బాల్కనీలో ఎండలో 1/50 షటర్, ఎఫ్/8, ఐఎస్ఓ 100 పెడితే మూడు స్టాపులు, అంటే ఎనిమిది రెట్లు, ఎక్కువ వెలుగు వస్తుంది, దానికి ఎన్‌డీ8 సరిపోతుంది. 16 ఎం.ఎం. మీద తిప్పే వేరియబుల్ ఎన్‌డీ వేస్తే మధ్యలో గుణకారం గుర్తులా నల్లటి నీడ పడుతుంది. కాబట్టి ఫిక్స్‌డ్‌దే కొనండి.

ప్రశ్న: 4కె వీడియోకి వి60 కార్డు కావాలంటున్నారు, రేటు చూస్తే టెన్షన్ వస్తోంది. పైగా నా ల్యాప్‌టాప్ ఎడిటింగ్‌లో ఆగి ఆగి నడుస్తోంది.
— వరంగల్

జవాబు: మీ కెమెరా సెకనుకు 100 మెగాబిట్లతో రాస్తుంటే అది 12.5 మెగాబైట్లే. వి30 కార్డు కనీసం 30 మెగాబైట్లు హామీ ఇస్తుంది. వి60 అక్కర్లేదు. గంటకు 45 జీబీ అవుతుంది, ఆ లెక్కన హార్డ్‌డిస్కు రెండు కాపీలకు చూసుకోండి. ల్యాప్‌టాప్ మార్చేముందు డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాక్సీలు తయారుచేసి చూడండి. ఎడిటింగ్ తేలికపాటి కాపీ మీద సాగుతుంది, ఎక్స్‌పోర్ట్ అసలు ఫైలు నుంచి అవుతుంది. ఉచిత వెర్షన్‌లోనూ ఇది ఉంది.

ప్రశ్న: శంషాబాద్ వైపు ఓ వెంచర్‌కు డ్రోన్ వీడియో అడిగారు. 250 గ్రాముల లోపు డ్రోన్‌కు అనుమతులు అక్కర్లేదట కదా?
— హైదరాబాద్

జవాబు: పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ, అన్ని అనుమతులూ మాఫీ కావు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం రిజిస్ట్రేషన్, గుర్తింపు నంబరు నానో డ్రోన్‌కు (250 గ్రాముల లోపుది) కూడా కావాలి. జోన్లు కూడా అందరికీ ఒకటే. విమానాశ్రయం ప్రహరీ నుంచి 5-8 కిలోమీటర్ల మధ్య నేల మీద నుంచే ఎల్లో జోన్, అంటే ఏటీసీ (విమానాల రాకపోకల నియంత్రణ కేంద్రం) అనుమతి తప్పనిసరి. 8-12 మధ్య 200 అడుగులు దాటితే అనుమతి కావాలి. అంతకన్నా దగ్గరైతే ఆలోచనే వద్దు. శంషాబాద్ ఒక్కటే కాదు, బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఎయిర్‌ఫీల్డులు కూడా ఉన్నాయి, కాబట్టి అడ్వాన్సు తీసుకునేముందే సర్వే నంబరు పట్టుకుని డ్రోన్ జోన్లు చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడండి. జోన్ కుదరకపోతే పక్క అపార్టుమెంటు టెర్రస్ మీద నుంచి, యజమానిని అడిగి, మామూలు కెమెరాతో తీసినా రోడ్డూ ప్లాట్లూ బాగానే తెలుస్తాయి.

ప్రశ్న: బిల్డర్ తన విల్లా వీడియోకి హిట్ సినిమా పాట పెట్టమంటున్నారు. 30 సెకన్ల లోపైతే ఫర్వాలేదా?
— విశాఖపట్నం

జవాబు: అలాంటి 30 సెకన్ల మినహాయింపు చట్టంలో ఎక్కడా లేదు. యూట్యూబు పాటను గుర్తుపట్టి, యాడ్ల డబ్బు హక్కుదారుకు మళ్లించవచ్చు, వీడియోను ఆపేయవచ్చు. ఇల్లు అమ్మే వీడియో కాబట్టి హక్కుదారు నోటీసు పంపితే వాదించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో వాద్య సంగీతం బిట్లు వెతికి రెండు మూడు వినిపించండి. ఆయన పాటే కావాలని పట్టుబడితే, లైసెన్సు తెచ్చే బాధ్యత తనదేనని కొటేషన్‌లో రాయించుకోండి.