క్లాసిక్ కారు వేలంలో ప్రకటించిన ధర ఎవరి ధర? ఫీజులు ఎవరు, ఎంత కడతారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. డెబ్బైల నాటి స్పోర్ట్స్ కారు ఒకటి వేలంలో కొనాలనుకుంటున్నారు, మొత్తం బడ్జెట్ 40,000 డాలర్లు. వేలం సంస్థలు ప్రకటించే ధరల్లో ఫీజు కలిసి ఉంటుందా, పైన ఇంకా ఏం కట్టాలి, అమ్మినవాళ్ళకు అందులో ఎంత చేరుతుంది అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. హాల్లో జరిగే పెద్ద వేలాల్లో తర్వాత ప్రకటించే ధరలో కొన్నవాళ్ళు కట్టే ఫీజు మామూలుగా కలిసే ఉంటుంది. పన్నులు, రవాణా మాత్రం ఉండవు. ఆన్‌లైన్ వేలాల్లో చాలావరకు ఫీజు కలపకుండా, పాట ఎక్కడ ఆగిందో ఆ అంకెనే చూపిస్తారు. అందుకే ఈ రెండు రకాల ధరల్ని పక్కపక్కన పెట్టి పోల్చకండి. ఇక మీ బడ్జెట్ సంగతి. 40,000 పెట్టుకుని హాల్లోకి వెళ్తే మీ పాట 28,000 దగ్గరే ఆగిపోవాలని నా అంచనా. లెక్క కింద ఉంది.

నేను ఆన్‌లైన్‌లో ఒక ఎం.జి.బి. రోడ్‌స్టర్ కొన్నాను. మా మామయ్యగారి మెర్సిడెస్ 280 ఎస్.ఎల్. ను హాల్ వేలంలో దగ్గరుండి అమ్మించాను. రెండు వైపులా కాగితాలు చదివిన అనుభవంతో రాస్తున్నాను.

వేలంలో సుత్తి పడ్డప్పుడు పలికిన అంకెను హ్యామర్ ప్రైస్ అంటారు. దాని మీద కొన్నవాళ్ళు వేలం సంస్థకు కట్టేది బయ్యర్స్ ప్రీమియం. హాల్ వేలాల్లో ఇది ఎక్కువగా 10 నుంచి 15 శాతం మధ్య ఉంటుంది. కొన్నిచోట్ల మొదటి కొంత మొత్తానికి ఎక్కువ రేటు, ఆపై మొత్తానికి తక్కువ రేటు వేస్తారు. 2018 ఆగస్టులో అమెరికాలోని మాంటెరీలో ఆర్.ఎం. సోథబీస్ అనే కార్ల వేలం సంస్థ అమ్మిన 1962 ఫెరారీ 250 జి.టి.ఓ. సంగతి చూడండి. సుత్తి పడింది 4.4 కోట్ల డాలర్ల దగ్గర. ప్రీమియం మొదటి 2,50,000 డాలర్ల మీద 12 శాతం, మిగతా దాని మీద 10 శాతం. అంటే 30,000 ప్లస్ 43,75,000. మొత్తం 4,84,05,000 డాలర్లు. పేపర్లలో వచ్చింది ఈ చివరి అంకె.

ఇదే కారుతో ఇంకో ముఖ్యమైన విషయం కూడా తెలుస్తుంది. క్యాటలాగ్‌లో దానికి ఇచ్చిన ఎస్టిమేట్ 4.5 కోట్ల నుంచి 6 కోట్ల డాలర్లు. ఎస్టిమేట్‌లో ప్రీమియం కలిసి ఉండదు, అది హ్యామర్ ధరకు వేసిన అంచనా. అంటే నిజానికి సుత్తి ఎస్టిమేట్ కింది అంచు కంటే కిందే పడింది. కానీ 4.84 కోట్లు అని చదివినవాళ్ళకు ఎస్టిమేట్ లోపలే పోయినట్టు కనిపిస్తుంది. 2023 నవంబరులో న్యూయార్క్‌లో సోథబీస్ అమ్మిన ఇంకో 250 జి.టి.ఓ. విషయంలోనూ ఇంతే. 6 కోట్ల డాలర్లు దాటుతుందని ముందు అంచనా వేశారు. సుత్తి 4.7 కోట్ల దగ్గర పడింది, ప్రీమియంతో కలిపి 5.17 కోట్లు అయింది. వేలంలో అమ్ముడైన ఫెరారీల్లో అదే రికార్డు అని వార్తలొచ్చాయి. రికార్డు అన్నది నిజమే, అంచనా అందుకోలేదన్నదీ నిజమే. మార్కెట్ పెరుగుతోందా తగ్గుతోందా అని చూసేవాళ్ళు హ్యామర్ ధరను ఎస్టిమేట్‌తో పోల్చాలి. వార్తలో వచ్చిన మొత్తాన్ని పోలిస్తే ప్రతి వేలమూ బ్రహ్మాండంగా జరిగినట్టే కనిపిస్తుంది.

(2022 మేలో 13.5 కోట్ల యూరోలకు పోయిన మెర్సిడెస్ 300 ఎస్.ఎల్.ఆర్. ఊలెన్‌హౌట్ కూపే గురించి అందరూ అడుగుతారు. అలాంటివి తయారైనవే రెండు, వేలానికి పిలిచింది కొద్దిమందినే. మామూలు కార్ల ధరలకు అది ఏ రకంగానూ కొలమానం కాదు.)

ఈ ప్రీమియం మొదటినుంచీ ఉన్నది కాదు. లండన్‌లో క్రిస్టీస్, సోథబీస్ 1975లో మొదలుపెట్టాయి. అంతకు ముందు వేలం సంస్థ ఖర్చంతా అమ్మేవాళ్ళ కమీషన్ నుంచే వచ్చేది. ఇప్పుడు రెండు వైపుల నుంచీ తీసుకుంటారు. నా అభిప్రాయం అడిగితే, ప్రీమియం చెక్కు రాసేది కొన్నవాళ్ళే అయినా బరువు చాలావరకు అమ్మినవాళ్ళ మీదే పడుతుంది. అనుభవం ఉన్న పాటదారు ఎవరైనా ముందు ప్రీమియం తీసేసుకునే తన హద్దు గీసుకుంటారు. ఆ మేరకు హ్యామర్ ధర తగ్గుతుంది. అమ్మేవాళ్ళతో మాట్లాడేటప్పుడు సంస్థలు ఈ సంగతి ఎత్తవు.

అమ్మే వైపు గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇంటర్నెట్‌లో దీని గురించి దొరికే సమాచారం చాలా తక్కువ. అమ్మేవాళ్ళ కమీషన్ 10 శాతం దాకా అడుగుతారు. అది కాక ఎంట్రీ ఫీజు, కొన్నిచోట్ల ఫొటోలకూ క్యాటలాగ్‌కూ వేరే చార్జీ, వేలం అయ్యేదాకా ఇన్సూరెన్స్, కారు అక్కడిదాకా చేర్చే ఖర్చు మనదే. కానీ ఈ రేట్లలో బేరానికి చోటుంది. మా మామయ్యగారి 280 ఎస్.ఎల్. కి సర్వీస్ పుస్తకం, పాత బిల్లులు, అసలు ఇంజన్ అన్నీ ఉన్నాయి. అలాంటి కారు కోసం ఒకటికి రెండు సంస్థలు ముందుకొస్తాయి. ఒక సంస్థ ఇచ్చిన రేటు ఇంకో సంస్థకు చెప్పి కమీషన్ సగానికి తగ్గించుకున్నాం, ఎంట్రీ ఫీజు పూర్తిగా ఎత్తేయించాం. కోట్లు పలికే కార్ల యజమానులైతే కమీషన్ సున్నా చేయించుకోవడమే కాక, కొన్నవాళ్ళు కట్టే ప్రీమియంలో కూడా వాటా తీసుకుంటారు. ఇది ఆ రంగంలో మామూలే. అడగనివాళ్ళకు మాత్రం ఎవరూ ఇవ్వరు.

తర్వాత రిజర్వ్. ఇంత కంటే తక్కువకు అమ్మను అని యజమాని రాసిచ్చే అంకె అది. బయటికి చెప్పరు, మామూలుగా ఎస్టిమేట్ కింది అంచును దాటనివ్వరు. పాట రిజర్వ్‌కు చేరేదాకా వేలం నడిపే వ్యక్తి అమ్మేవాళ్ళ తరఫున తనే పాట పెంచవచ్చు. నిబంధనల్లో ఈ మాట స్పష్టంగా రాసి ఉంటుంది. అందుకే హాల్లో పాట చకచకా పెరుగుతోందంటే నిజంగా అంతమంది పోటీ పడుతున్నారని అనుకోవద్దు. నేను అమ్మే వైపు కూర్చున్నప్పుడు వేలానికి గంట ముందు సంస్థ మనిషి వచ్చి, 'ఆసక్తి అనుకున్నంత లేదండి, రిజర్వ్ కొంచెం దించుకోండి' అన్నారు. ఇది చాలామందికి జరుగుతుంది. ఆ క్షణంలో టెన్షన్ మామూలుగా ఉండదు. అమ్ముడుపోకుండా వెనక్కి వస్తే కారు పేరు కొన్నాళ్ళపాటు దెబ్బతింటుంది, రానుపోను రవాణా ఖర్చు మీద పడుతుంది. మేము ముందే ఇంట్లో కూర్చుని ఒక అంకె అనుకుని వచ్చాం కాబట్టి అంతవరకే దించాం. పాట దానికి కొంచెం కింద ఆగిపోయింది. సుత్తి పడలేదు. అరగంట తర్వాత ఆఖరు పాట పాడినాయన కొంచెం పెంచారు, సంస్థ తన కమీషన్‌లో కొంచెం వదులుకుంది, పని అయిపోయింది. ఇలా వేలం తర్వాత కుదిరే అమ్మకాలు కొద్దిపాటివి కావు. కాబట్టి మీకు నచ్చిన కారు 'అమ్ముడుపోలేదు' అని కనిపిస్తే నిరాశపడకుండా వెంటనే సంస్థ టేబుల్ దగ్గరికి వెళ్ళి మాట్లాడండి. కొనేవాళ్ళకు అదే మంచి సమయం.

డబ్బు అమ్మినవాళ్ళ ఖాతాలో పడటానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. ఒప్పందంలో ఆ తేదీ చూసుకోవాలి.

ఇప్పుడు మీ 40,000. ప్రీమియం 12 శాతం, మీరు కట్టాల్సిన పన్ను 8 శాతం అనుకుందాం. పన్ను చోటును బట్టి మారుతుంది, మీ రేటు వేసుకోండి. పన్ను చాలాచోట్ల ప్రీమియం కూడా కలిపిన మొత్తం మీద పడుతుందని గుర్తుంచుకోండి. రవాణాకు 2,000, వచ్చిన వెంటనే చేయించాల్సిన పనులకు 4,000 పక్కన పెట్టండి. పాత కారంటే టైర్లు, బ్రేక్ హోసులు, పెట్రోల్ పైపులు, బ్యాటరీ ఇవన్నీ ఉంటాయి. టైరు పక్క గోడ మీద DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెప్తాయి. పైకి కొత్తగా మెరుస్తున్నా పదేళ్ళు దాటితే మార్చాల్సిందే. ఇక మిగిలింది 34,000. దీన్ని 1.12తో, తర్వాత 1.08తో భాగించండి. 28,108 వస్తుంది. అంటే మీ ఆఖరి పాట 28,000.

తిప్పి సరిచూడండి. 28,000కి 12 శాతం కలిపితే 31,360. దానికి 8 శాతం పన్ను కలిపితే 33,869. పైన 6,000 కలిపితే 39,869. చాలామంది శాతాల్ని బడ్జెట్ నుంచి తీసేస్తారు, కానీ భాగించడమే సరైన పద్ధతి. ఆ తేడా చిన్నదే, కానీ హాల్లో ఇంకొక్క పాట, ఇంకొక్క పాట అనుకుంటూ వెళ్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ప్రతి వెయ్యి డాలర్ల పాట నిజానికి 1,210 డాలర్లు.

అదే కారు అమ్మినవాళ్ళ లెక్క చూద్దాం. 28,000లో 10 శాతం కమీషన్ పోతే 25,200. ఎంట్రీ ఫీజు 500, రవాణా, పాలిష్ కలిపి 1,000 పోతే 23,700. ప్రకటించిన ధర 31,360. అంటే ఆ అంకెకూ అమ్మినవాళ్ళ చేతికొచ్చిన దానికీ మధ్య 7,660 తేడా. ఇదే కారును ఎవరైనా నేరుగా 27,000కు అమ్ముతానంటే ఇద్దరికీ లాభం. ఈ స్థాయి ధరల్లో కార్లకు అందుకే నేను ముందు క్లబ్ సభ్యుల దగ్గర, నేరుగా అమ్మేవాళ్ళ దగ్గర వెతకమంటాను.

ఆన్‌లైన్ వేలాల్లో ఫీజు తక్కువ. బ్రింగ్ ఎ ట్రైలర్ లాంటి వేలం వెబ్‌సైట్లలో కొనేవాళ్ళ ఫీజు 5 శాతం, దానికి ఒక గరిష్ఠ పరిమితి కూడా ఉంటుంది. అది చాలాకాలం 5,000 డాలర్లు. రేట్లు అప్పుడప్పుడు మారుస్తారు, పాట పెట్టే రోజు చూసుకోండి. అమ్మేవాళ్ళకు మామూలు లిస్టింగ్ ఫీజు చాలా చిన్నది. పాట పెట్టగానే ఫీజు మేరకు మీ కార్డు మీద డబ్బు బ్లాక్ చేస్తారు, ఓడిపోతే వదిలేస్తారు. కారు డబ్బు నేరుగా అమ్మినవాళ్ళకు పంపాలి, కాగితాల బాధ్యత మీదే. మీ లెక్కలో 5 శాతం వేసుకుంటే దాదాపు 30,000 దాకా పాడవచ్చు. నేను ఎం.జి.బి. కొనేముందు ఆ ఊళ్ళోని మెకానిక్‌కు డబ్బిచ్చి తనిఖీ చేయించాను. సిల్స్ (తలుపుల కింద పొడవునా ఉండే ఇనుప భాగాలు) దగ్గర తుప్పు ఉందని చెప్పారు, ఆ రిపేరు ఖర్చు తీసేసి పాట పెట్టాను. ఆ తనిఖీ ఖర్చును తగ్గించుకోవద్దు. హాల్లో అయితే నడిపి చూసే అవకాశం సాధారణంగా ఉండదు, ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతారు. కాబట్టి ముందు రోజు ప్రదర్శనకు తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్ళి కింద లైటు వేసి చూడండి, చాసిస్ నంబరూ కాగితాల్లోని నంబరూ ఒకటేనో కాదో సరిచూడండి.

పేరు నమోదు చేసుకునే ముందు అమ్మకం షరతులు అడిగి, నాలుగు విషయాలు చదవండి. ప్రీమియం రేటు, దాని మీద పన్ను ఉందా లేదా, సుత్తి పడ్డ క్షణం నుంచి నష్టానికి బాధ్యత ఎవరిది (చాలాచోట్ల కొన్నవాళ్ళదే, కాబట్టి ఇన్సూరెన్స్ ముందే మాట్లాడుకోవాలి), ఎన్ని రోజుల్లో కారు తీసుకెళ్ళకపోతే నిల్వ చార్జీ పడుతుంది. క్యాటలాగ్‌లో లాట్ నంబరు (వేలానికి పెట్టిన ఒక్కో కారుకు ఇచ్చే వరుస సంఖ్య) పక్కన నక్షత్రం లాంటి గుర్తు ఉంటే దాని అర్థం కూడా అడగండి. వేరే దేశం నుంచి తాత్కాలికంగా తెచ్చిన కారు అయి ఉండవచ్చు, అప్పుడు దిగుమతి సుంకం విడిగా కొన్నవాళ్ళ మీద పడుతుంది. అలాంటి లాట్ అయితే ఆ సుంకాన్ని కూడా 34,000లోంచి తీసేసి, మళ్ళీ భాగించుకోండి.