గోడా? కలపా?

ప్రశ్న: ఎజ్రా గ్రంథం 5:3లో యెరూషలేము మందిరంతోపాటు పూర్తి చేయాలన్నది ఒక ఇంగ్లీషు బైబిల్లో ‘గోడ’, ఇంకోదాంట్లో ‘కట్టడం’. ఏది నిజమండీ?
– టింబర్ డిపో గుమాస్తా, విజయవాడ

జవాబు: మీ డిపోలో ఉండేదే అని నా అభిప్రాయమండీ. అక్కడి మాట ‘ఉష్షర్నా’, అది అరమేయిక్ అనే ప్రాచీన భాషలోది. బైబిల్ మొత్తంలో అది 5:3, 5:9లలో తప్ప కనిపించదు. అందుకే పాతవాళ్లు ఊహించి రాశారు. గోడ అయితే కాదు. 5:8లో గోడల్లో కలప పెడుతున్నారని ఉంది, అక్కడ గోడకు వేరే మాటే వాడారు.

అసలు ఆధారం ఈజిప్టులోని ఎలెఫెంటీన్ దీవిలో దొరికిన అరమేయిక్ పత్రాలు. క్రీ.పూ. 407 నాటి అర్జీలో, తగలబడిన యూదుల గుడి సామాను వరసగా రాశారు: తలుపులు, వాటి కంచు బందులు, దేవదారు పైకప్పు, ‘మిగతా అష్షర్నా’ (ఉష్షర్నాకే ఇంకో రూపం). అదీ కాలిపోయిందట. రాతిగోడ అలా కాలదు కదా!

అక్కడి పడవ మరమ్మతు పత్రంలోనూ ఇదే మాట, దేవదారు దూలాలు, మేకుల లెక్కతో. పడవకు గోడలెక్కడివి? కాబట్టి కలప పని, దాని సరంజామా అనుకోండి. మనవైపు గోడలు లేచాక మేస్త్రీ ‘ఇంకా చెక్కపని ఉందండీ’ అంటాడే, అదన్నమాట. కొందరు పండితులు మాత్రం ‘కట్టడం’ దగ్గరే ఆగుతున్నారు.
– గుంటూరు మాష్టారు